హెడ్‌లైట్ వెలుగు చాలట్లేదా? రిలే కిట్టా, ఎల్ఈడీ బల్బులా, ప్రొజెక్టరా, అదనపు లైట్లా

రాత్రిపూట కారు తీసేవాళ్లలో "లైట్లు ఆనట్లేదు" అనని వాళ్లు తక్కువ. హైవే మీద ఉన్నంతసేపూ పర్లేదనిపిస్తుంది. హైవే దిగి ఊరి రోడ్డు పట్టాక అసలు సంగతి బయటపడుతుంది. ఎదురుగా వచ్చే లారీవాడు డిమ్ కొట్టడు. వెనక లైటు లేని ట్రాక్టరు నడిరోడ్డు మీద పోతుంటుంది. కోతల రోజుల్లో సగం రోడ్డు వడ్లు, వాటి చుట్టూ అడ్డం పెట్టిన రాళ్లు. గీతలు చెరిగిపోయిన స్పీడ్ బ్రేకరు బండి ఎగిరాక గానీ తెలియదు.

మర్నాడు విజయవాడ ఆటోనగర్‌కో సికింద్రాబాద్ రాణిగంజ్‌కో వెళ్తే, షాపులో నాలుగు రకాల డబ్బాలు కౌంటర్ మీదకి వస్తాయి: వంద వాట్ల బల్బులు, ఎల్ఈడీ బల్బులు, ముందు లెన్సు ఉండే ప్రొజెక్టర్లు, బంపర్‌కి బిగించే లైట్లు. ఐదోది, అంటే రిలే వైరింగ్ కిట్ (రిలే అనే చిన్న ఆటోమేటిక్ స్విచ్ ద్వారా బ్యాటరీ నుంచి లైట్లకి నేరుగా కరెంటు ఇచ్చే వైర్ల జత), మీరు అడిగితే తప్ప బయటికి రాదు. నా మొగ్గు ఆ ఐదోదాని వైపే. అన్ని బళ్లకీ కాదు. ఏ బండికి అవునో, ఏ బండికి కాదో చెప్పడానికే ఇదంతా.

ఇక్కడ ముఖ్యంగా మాట్లాడేది హెచ్4 బల్బు ఉన్న కార్ల గురించి. ఆల్టో, వ్యాగనార్, పాత స్విఫ్ట్, బొలేరో లాంటివన్నీ ఆ కోవలోవే. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, వెనక మూడు పిన్నులు, లో బీమ్ (డిమ్) 55 వాట్లు, హై బీమ్ (దూరం కొట్టేది) 60 వాట్లు. హెచ్7, హెచ్11 బల్బుల బళ్లకి కూడా చాలావరకు ఇదే లెక్క వర్తిస్తుంది. తేడా వచ్చిన చోట చెప్తాను.

డబ్బు తీసే ముందు

ముందు హెడ్‌లైట్ డూమ్ చూడండి. ప్లాస్టిక్ డూము ఏళ్ల తరబడి ఎండకి పసుపెక్కి, మసకబారి ఉంటే లోపల ఏ బల్బు పెట్టినా వెలుగు ఆ మసకలోనే చెదిరిపోతుంది. వాటర్ పేపర్ (తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితం) పెట్టి రుద్ది పాలిష్ పట్టిస్తే చాలా బళ్లకి సగం జబ్బు అక్కడే నయమవుతుంది. లోపల రిఫ్లెక్టర్ వెండిపూత నల్లబడి ఉంటే మాత్రం పాలిష్ పనికిరాదు, డూమ్ మార్చాల్సిందే. బల్బు గాజు లోపల బూడిదరంగు పట్టి ఉంటే దాని పని అయిపోయినట్టే.

ఆ తర్వాత మల్టీమీటరు. అదేం పెద్ద విద్య కాదు, రెండు కొలతలే. ఇంజన్ ఆన్ చేసి, లో బీమ్ వేసి, ఎర్ర ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ప్రోబు హెడ్‌లైట్ కప్లర్ (బల్బు వెనక తగిలించే ప్లగ్గు) వెనక నుంచి లో బీమ్ వైరు పిన్నుకి తగిలించండి. మీటరు చూపించే అంకె ప్లస్ వైపు దారిలో కరిగిపోతున్న వోల్టేజీ. ఇక అదే కప్లర్‌లో ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య మళ్లీ చూడండి. రెండూ కలిపితే మొత్తం నష్టం. బల్బు వెలుగుతూ ఉండగానే కొలవాలి. కప్లర్ ఊడదీసి కొలిస్తే కరెంటు పారదు, నష్టం కనపడదు, మీటరు 14 వోల్టులు చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. "వైరింగ్ బాగానే ఉంది సార్" అని చాలామంది చెప్పేది ఈ కొలత చూసే.

మొత్తం నష్టం అర వోల్టు లోపు ఉంటే వైరింగ్ జోలికి పోకండి. ఒక వోల్టు దాటితే బల్బు కొనడం ఆపి ముందు వైరింగ్ సంగతి చూడండి. ఆ మధ్యలో ఉంటే మీ ఇష్టం, మీ బడ్జెట్.

ఒక్క వోల్టుకి ఇంత రాద్ధాంతం ఎందుకంటే, హెచ్4 లాంటి హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమంగా తగ్గదు. సుమారు 3.4వ ఘాతంలో తగ్గుతుంది. అంటే వోల్టేజీ 10 శాతం పడిపోతే వెలుగు దాదాపు 30 శాతం పోతుంది. హెచ్4 లో బీమ్‌కి ప్రమాణాల్లో రాసిన వెయ్యి ల్యూమెన్లు (వెలుగు కొలత) 13.2 వోల్టుల దగ్గర లెక్క. అదే బల్బుకి 12 వోల్టులే అందితే 720 ల్యూమెన్లకి పడిపోతుంది, 13.8 అందితే 1160 దాకా వెళ్తుంది. కొత్త బల్బు కొనకుండా, ఒక్క వాటు పెంచకుండా వచ్చే తేడా ఇది.

ఆ వోల్టేజీ ఎక్కడ పోతుందంటే దారి పొడవునా పోతుంది. చాలా పాత చిన్న కార్లలో హెడ్‌లైట్ కరెంటు మొత్తం బ్యాటరీ నుంచి ఫ్యూజు బాక్సుకి, అక్కణ్ణుంచి స్టీరింగ్ కింద ఉన్న కాంబినేషన్ స్విచ్‌కి, మళ్లీ వెనక్కి ముందు లైట్ల దాకా వస్తుంది. రెండు లో బీములకీ కలిపి తొమ్మిది పది ఆంపియర్లు. సన్న వైరు, అరిగిన స్విచ్ పాయింట్లు, పచ్చగా చిలుము పట్టిన కప్లర్లు, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు, ఇవన్నీ తలా కాస్త కాజేస్తాయి.

వంద వాట్ల బల్బు: వద్దు, కారణం ఇదీ

డబ్బా మీద 90/100 అని ఉంటుంది, అంటే లో బీమ్ 90, హై బీమ్ 100 వాట్లు. చవక, పది నిమిషాల్లో మారిపోతుంది, గోడ మీద వేసి చూస్తే తెల్లగా మెరుస్తుంది. అందుకే ఇది ఇంకా అమ్ముడుపోతోంది.

లెక్క వేద్దాం. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, కంపెనీ వైరింగులో మామూలు బల్బుకి ఒకటిన్నర వోల్టులు పోతున్నాయి అనుకోండి. బల్బుకి అందేది 12.6. ఇప్పుడు వంద వాట్ల హై బీమ్ పెడితే కరెంటు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. నష్టం కూడా అదే నిష్పత్తిలో పెరిగి రెండున్నర వోల్టుల దగ్గరికి పోతుంది. అందేది 11.6. ఘాతం లెక్క వేస్తే నిండు వోల్టేజీలో ఇవ్వాల్సిన వెలుగులో సుమారు సగమే వస్తుంది. మీరు డబ్బు పెట్టి కొన్న వెలుగులో సగం వైరింగు తినేసింది. తిన్నది ఊరుకోదు, వేడి అవుతుంది. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది కాబట్టి రెండున్నర రెట్లు దాటుతుంది. కొన్నాళ్లకి హోల్డర్ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరుగుతుంది, పిన్నుల చుట్టూ కరుగుతుంది, ఆ తర్వాత కాంబినేషన్ స్విచ్ పోతుంది. ఆ స్విచ్ ఖరీదుతో మంచి రిలే కిట్ వచ్చేది.

రిలే కిట్ వేసి, సిరామిక్ హోల్డర్లు పెట్టి వంద వాట్లు వాడతాం అనేవాళ్లున్నారు. వైరింగ్ వరకు అది సరైన పద్ధతే. అప్పుడు కూడా రెండు చిక్కులు: ఆ బల్బులు రోడ్డు వాడకానికి కావు అని చాలా డబ్బాల మీదే రాసి ఉంటుంది, ఇక లోపలి వేడికి ప్లాస్టిక్ డూములు, రిఫ్లెక్టర్ పూత తొందరగా పాడవుతాయి. పాతకాలపు గాజు డూము, ఇనుప రిఫ్లెక్టరు ఉన్న జీపులకి చెల్లింది గానీ ఇప్పటి డూములకి కాదు.

రిలే కిట్, మామూలు బల్బు

దీని పని సూటిగా ఉంటుంది. బ్యాటరీ నుంచి లావు వైరుతో కొత్త దారి వేస్తాం. పాత వైరింగ్ ఇక బల్బుని వెలిగించదు, రిలేని "ఆన్ అవ్వు" అని తట్టి లేపడమే దాని పని. రిలే కాయిల్‌కి (లోపలి తీగచుట్టకి) కావాల్సింది ఆంపియర్‌లో ఆరో వంతో ఐదో వంతో, అంతే. పది ఆంపియర్లు మోసిన స్విచ్‌కి ఇక విశ్రాంతి. పాత బండిలో నాకు నచ్చే లాభం వెలుగు కన్నా ఇదే.

రిలే మీద నాలుగు అంకెలు ఉంటాయి. 30 బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చేది, 87 బల్బుకి వెళ్లేది, 85, 86 కాయిల్ రెండు కొసలు. చాలా రిలేల మీద ఇవే అంకెలు. ఐదో కాలు 87ఎ అని ఉంటే దాన్ని వదిలేయండి, ఈ పనికి అక్కర్లేదు.

ఎంత లాభమో కూడా లెక్కే. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరుకి సుమారు 7 మిల్లీఓమ్‌లు. పది ఆంపియర్లు రెండు మీటర్లు ప్రయాణిస్తే 0.14 వోల్టు పోతుంది. ఫ్యూజు, రిలే పాయింట్లు, ఎర్త్ అన్నీ కలుపుకున్నా పనితనం బాగుంటే అర వోల్టు లోపే ఉంటుంది.

కిట్ కొనేటప్పుడు బ్రాండు పేరు కన్నా కొన్ని విషయాలు చేత్తో పట్టి చూడాలి. వైరు కొస కొంచెం ఒలిచి, ఒక పోగుని బ్లేడుతో గీకండి. లోపలా ఎర్రగా రాగి కనిపించాలి. పైన రాగిరంగు, గీకితే తెలుపు బయటపడితే అది రాగిపూత పూసిన అల్యూమినియం, తిరిగి ఇచ్చెయ్యండి. వైరు లావు చూసి మోసపోవద్దు, చవక కిట్లలో లావంతా పైతొడుగుదే. మెయిన్ ఫ్యూజు హోల్డరు బ్యాటరీ వైపు కొసలో ఉండాలి, మధ్యలో ఎక్కడో కాదు. మూత ఉన్నది అయితే వాన నీళ్ల బాధ తప్పుతుంది. లో బీమ్‌కి ఒక రిలే, హై బీమ్‌కి ఒక రిలే ఉండాలి. ఒక్క రిలేతో నడిచే కిట్లు హెచ్4 బళ్లకి కావు.

ఇక్కడ ఒక చిక్కు. మన ఎలక్ట్రీషియన్లలో కొందరు దీన్ని పట్టించుకోరు. కొన్ని బళ్లలో స్విచ్ ప్లస్ వైపు ఉంటుంది, బల్బు ఎర్త్ ఎప్పుడూ బాడీకే. జపాన్ మూలాలున్న కొన్ని బళ్లలో తిరగేసి ఉంటుంది: ప్లస్ నేరుగా బల్బుకి వస్తుంది, స్విచ్ ఎర్త్‌ని కలుపుతుంది. రెండో రకం బండికి మొదటి రకం కిట్ వేస్తే లైట్లు అసలు వెలగవు, లేదా రెండు బీములూ ఒకేసారి వెలుగుతాయి. "కిట్ పాడైపోయింది" అని దాన్ని పారేసినవాళ్లున్నారు. కప్లర్ ఊడదీసి, లైట్లు ఆన్ చేసి, మూడు పిన్నుల్ని బ్యాటరీ మైనస్‌తో పోల్చి చూడండి. లో, హై మార్చుతుంటే 12 వోల్టులు ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకి మారితే ప్లస్ స్విచింగ్. ఒక పిన్నులో మాత్రం ఎటు మార్చినా 12 ఉంటే అది ఎర్త్ స్విచింగ్. కాయిల్ రెండు కొసల్నీ పాత కప్లర్ నుంచే తీసుకునే కిట్, డయోడ్ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేది) లేని రిలేలు ఉన్నదైతే, రెండు రకాలకీ పనిచేస్తుంది. కాయిల్ ఒక కొసని బాడీకి ఎర్త్ చేసే కిట్ మొదటి రకానికే.

బల్బు విషయంలో నా సలహా కొంచెం వింతగా ఉంటుంది: "100 శాతం ఎక్కువ వెలుగు" రకాలు కొనకండి. హాలోజన్ జీవితం వోల్టేజీ కాస్త పెరిగినా దబ్బున తగ్గుతుంది, 5 శాతం పెరిగితే దాదాపు సగం. ఎక్కువ వెలుగు బల్బులు ఎలాగూ సన్నపు ఫిలమెంటుతో తక్కువ కాలం బతికేవి. వాటికి రిలే కిట్‌తో నిండు వోల్టేజీ ఇస్తే ఇంకా త్వరగా పోతాయి. మంచి కంపెనీ మామూలు 60/55 చాలు.

లోపాలూ చెప్పాలి. లో బీమ్ రిలే పోతే రెండు వైపులా లో బీమ్ ఒకేసారి ఆరిపోతుంది. కంపెనీ వైరింగులో చాలా బళ్లకి కుడి ఎడమలకి విడివిడి ఫ్యూజులు ఉంటాయి, ఆ భద్రత ఇక్కడ పోతుంది. అందుకే పాత కప్లర్‌ని కొయ్యకుండా వేసే కిట్టే వేయించుకోండి. దారిలో రిలే మొరాయిస్తే, బానెట్ ఎత్తి పాత కప్లర్‌ని నేరుగా బల్బుకి తగిలించుకుని ఇల్లు చేరొచ్చు.

ఎల్ఈడీ బల్బులు

అందరూ అడిగేది ఇదే, అందుకే కాస్త వివరంగా. హెచ్4 లోపల లో బీమ్ ఫిలమెంటు బియ్యపు గింజ కన్నా చిన్నది. దాని కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. ఆ దొప్ప వల్ల వెలుగు రిఫ్లెక్టర్ పైభాగానికే తగిలి, అక్కణ్ణుంచి కిందికి, రోడ్డు మీదికి పడుతుంది. రిఫ్లెక్టర్‌లో ప్రతి వంపూ ఆ గింజ ఉన్న చోటుని లెక్కేసి చేసినదే. ఎల్ఈడీ బల్బులో ఆ చోట ఒక పలక, దాని రెండు వైపులా చిప్పులు. పలక ఎంత సన్నగా చేసినా వెలుగు పుట్టే చోటు మారుతుంది. ఒక మిల్లీమీటరు తేడా చాలు, గీత గీసినట్టు ఉండాల్సిన వెలుగు పై అంచు చెదిరిపోయి ఎదుటివాడి కళ్లలో పడటానికి.

లోపల కూర్చున్నవాడికి ఇది తెలియదు. బండి ముందు పది పదిహేను మీటర్లు పట్టపగల్లా ఉంటుంది, అబ్బో అనిపిస్తుంది. దగ్గర రోడ్డు అంత మెరిస్తే కంటిపాప ముడుచుకుని దూరం ఇంకా చీకటవుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో పనికొచ్చేది దూరపు వెలుగే. వానలో తడిసిన తారు మీద ఆ నీలితెలుపు కాంతి ఎక్కడికి పోతుందో అర్థం కాదు.

వైరింగ్ వైపు నుంచి ఎల్ఈడీకి ఒక సుగుణం ఉంది. లోపలి డ్రైవరు సర్క్యూట్ వోల్టేజీ కొంచెం తగ్గినా కరెంటుని తనే సర్దుకుంటుంది, కాబట్టి అరిగిపోయిన వైరింగ్ మీద కూడా పూర్తిగా వెలుగుతుంది. లాగే కరెంటు కూడా తక్కువ. ఎంత తక్కువంటే, డబ్బా మీద రాసిన వాట్లు ఎంత నిజమో మల్టీమీటరుని ఆంపియర్లలో పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ల్యూమెన్ల అంకెల సంగతి ఎత్తకపోవడమే మర్యాద.

వెనక ఉండే చిన్న ఫ్యాను దుమ్ముకి ఆగిపోతే చిప్పు వేడెక్కి మసకబారుతుంది. డస్ట్ కవరు మూసేయలేక కోసేస్తే వానాకాలం డూములో తేమ చేరుతుంది. కొన్ని చవక డ్రైవర్లు ఎఫ్ఎం రేడియోలో గరగర పుట్టిస్తాయి.

యూరప్‌లో కూడా దీనికి ఒక్క ముక్కలో అనుమతి ఇవ్వలేదు. జర్మనీలో 2020లో ఓస్రామ్ హెచ్7 ఎల్ఈడీ బల్బుకి మొదటిసారి రోడ్డు అనుమతి వచ్చినప్పుడు కూడా అది ఫలానా కారు, ఫలానా హెడ్‌లైట్ అని జాబితా కట్టి ఇచ్చినదే. అంటే ఏ బల్బు ఏ డూములో పెడితే ఎదుటివాడికి ఇబ్బంది లేదో ఒక్కొక్కటీ పరీక్షించాల్సిందే. మన బజారులో "అన్ని కార్లకీ" అని అమ్మేవాటికి అలాంటి జాబితా ఏదీ ఉండదు.

మినహాయింపు ఒకటి. కంపెనీ నుంచే ప్రొజెక్టర్ లెన్సు ఉన్న హెచ్7, హెచ్11 బండి అయితే లెన్సు వెనక ఉన్న రేకే పై అంచుని కోస్తుంది, కాబట్టి కళ్లలో కొట్టే సమస్య తక్కువ. అయినా దూరం పోయే ప్రకాశం తగ్గడం మామూలే.

హెచ్ఐడీ (జెనాన్) కిట్ల గురించి రెండే మాటలు. రిఫ్లెక్టర్ డూములో వీటి చెదురు ఎల్ఈడీ కన్నా ఘోరం. వెలిగే క్షణంలో 20 వేల వోల్టులు దాటే పల్సు కావాలి, పూర్తి వెలుగుకి కొన్ని సెకన్లు పడుతుంది. డిప్పర్ కొట్టే అలవాటున్న మన రోడ్లకి అది ఎలాగూ పొసగదు.

ప్రొజెక్టర్లు

నిజంగా వెలుగు కావాలి, ఖర్చుకి వెనకాడం అనేవాళ్లకి సరైన దారి ఇదే, చేసేవాడు దొరికితే. డూముని వేడి చేసి తెరిచి, లోపల బై-ఎల్ఈడీ (లో, హై రెండూ ఒకదాంట్లోనే ఉండే) ప్రొజెక్టర్ బిగించి, మళ్లీ సీలెంట్‌తో మూస్తారు. లో బీమ్‌కి పై అంచు కత్తిరించినట్టు ఉంటుంది, హై బీమ్‌కి లోపలి రేకు సొలినాయిడ్‌తో పక్కకి తప్పుకుంటుంది.

మోసం జరిగేది రెండు చోట్ల. మనం ఎడమ పక్క నడిపేవాళ్లం, మన లో బీమ్ ఎడమ వైపు కొంచెం పైకి లేవాలి. అమెరికా, చైనా రోడ్లకి చేసిన ప్రొజెక్టర్ కుడి వైపు లేస్తుంది, అంటే సరిగ్గా ఎదుటివాడి ముఖం మీదికి. కొనే ముందే గోడ మీద వెలిగించి చూపించమనండి. రెండోది సీలింగ్. మొదటి వానకి డూములో నీటి బొట్లు కనిపిస్తే ఆ పని పాడైనట్టే. మీ డూములు తెరిపించకుండా, ఇంకో జత కొని వాటికి చేయించుకుంటే, బండి అమ్మేటప్పుడూ తనిఖీకి వెళ్లేటప్పుడూ అసలువి పెట్టుకోవచ్చు.

ప్రొజెక్టర్‌కి కూడా బ్యాటరీ నుంచి ఫ్యూజుతో రిలే కిట్ వేయించడమే మంచిది.

అదనపు లైట్లు

హెడ్‌లైట్‌ని ముట్టుకోకుండా బంపర్ దగ్గర రెండు లైట్లు. దూరం కొట్టేవి వేరు, పొగమంచు లైట్లు వేరు. షాపులో రెండింటినీ "ఫాగ్ లైట్లు" అనే అంటారు. లంబసింగి, అరకు వైపు చలికాలం వెళ్లేవాళ్లకి కావాల్సింది వెడల్పుగా, కిందికి, పై అంచు కోసినట్టుండే లైటు, పసుపైతే ఇంకా హాయి. చీకటి ఊరి రోడ్లకి కావాల్సింది దూరం కొట్టేది. చదరపు డబ్బాలో ముప్పై చిప్పులు పేర్చిన లైట్లు పొలంలో పనికి, రోడ్డుకి కాదు.

దూరపు లైట్లకి వైరింగ్‌లో ఒకే ఒక్క నియమం: రిలే కాయిల్‌కి ప్లస్ హై బీమ్ వైరు నుంచే రావాలి, మధ్యలో విడి స్విచ్ ఉండాలి. అప్పుడు మీరు డిమ్ కొట్టగానే ఇవీ ఆరిపోతాయి. నేరుగా బ్యాటరీ నుంచి స్విచ్ వేస్తే ఎదురు బండి వచ్చినప్పుడు రెండు చేతులతో రెండు స్విచ్‌లు వెతుక్కోవాలి, ఎవరూ వెతకరు. ఎర్త్ స్విచింగ్ బండి అయితే ఈ కనెక్షన్ తిరగేసి ఇవ్వాలి, ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి.

నెలలో నాలుగు రాత్రులే ఊరి రోడ్డు ఎక్కేవాళ్లకి రిలే కిట్, మామూలు బల్బు చాలు. రోజూ అదే దారి అయితే కిట్‌తో పాటు దూరపు లైట్ల జత. ఎప్పుడూ సిటీలోనే తిరిగేవాళ్లకి పాలిష్, కొత్త బల్బులు, అంతకు మించి ఖర్చు దండగ. ధరలు ఊరిని బట్టి, బేరాన్ని బట్టి మారతాయి గానీ వరుస మారదు: కిట్ చవక, మంచి అదనపు లైట్లు ఆ పైన, ప్రొజెక్టర్ పని అన్నిటికన్నా పైన.

కొత్త బండి అయితే

ఈ మధ్య కార్లలో హెడ్‌లైట్‌ని బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటర్ నడిపిస్తుంది. అది కరెంటుని కొలుస్తూ ఉంటుంది, కొన్నింటిలో వేగంగా ఆన్-ఆఫ్ పల్సులుగా ఇస్తుంది. అలాంటిదానికి మామూలు రిలే తగిలిస్తే టకటకా కొట్టుకుంటుంది. ఎల్ఈడీ పెడితే మిణుకుమిణుకుమంటుంది, లేదా డ్యాష్ మీద "బల్బు పోయింది" అని లైటు వెలుగుతుంది. వారంటీలో ఉన్న బండి వైరు కోస్తే ఎలక్ట్రికల్ వారంటీ మీద ఆశ వదులుకోవాలి. ఏదైనా కాలిపోతే బీమా క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడొచ్చు. ఇలాంటి బళ్లకి నా మాట: డూము, బల్బు, అలైన్‌మెంట్ వరకే ఉండండి. అదీ చాలకపోతే అదే మోడల్ పై వేరియంట్ హెడ్‌లైట్ మీ బండికి సరిపోతుందా అని షోరూంలో అడగండి.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అదే వాట్ల అదే రకం బల్బుకి లావు వైరు వేయడం వెలుగు రకాన్నీ బల్బునీ మార్చదు. ఎల్ఈడీ, హెచ్ఐడీ, వంద వాట్లు మారుస్తాయి.

బిగించాక

కిట్ వేసేటప్పుడు పక్కనే నిలబడండి. మెయిన్ ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపల ఉందా చూడండి. ఫ్యూజు కాపాడేది బల్బుని కాదు, ఆ వైరుని. ఫ్యూజుకి ముందున్న వైరు బాడీకి రాసుకుంటే ఆపేది ఏదీ ఉండదు. 55, 60 వాట్ల జతకి 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. అది పోతుంటే 30 పెట్టేవాడిని ఆపి, ఎందుకు పోతోందో వెతకమనండి. రిలేలు పిన్నులు కిందికి ఉండేలా బిగించాలి, నీళ్లు నిలవవు. ఎర్త్ రింగు లగ్గు కింద పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా శుభ్రం చేసి, బిగించాక గ్రీజు పూయాలి. వైరుని మెలేసి టేపు చుట్టే జాయింట్లు ఒప్పుకోవద్దు. ఎండకి ఆ టేపు జిగురు కారి ఊడిపోతుంది. క్రింపు చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేయించండి. రేడియేటరు ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా కట్టించండి.

తర్వాత అలైన్‌మెంట్. చదునైన చోట గోడకి పది మీటర్ల దూరంలో బండి నిలపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవరు సీట్లో మనిషి ఉండాలి, డ్యాష్‌లో లెవెలర్ (హెడ్‌లైట్ ఎత్తు మార్చే చక్రం) ఉంటే సున్నా మీద. హెడ్‌లైట్ మధ్యభాగం ఎత్తుని గోడ మీద చాక్‌తో గీయండి. లో బీమ్ పై అంచు ఆ గీతకి పది సెంటీమీటర్లు కింద పడాలి, అంటే ఒక శాతం వాలు. డూము మీద వేరే శాతం అచ్చు వేసి ఉంటే దాన్నే పాటించండి. ఎత్తు 65 సెంటీమీటర్లు అయితే ఆ వెలుగు అంచు 65 మీటర్ల దూరంలో రోడ్డుని తాకుతుంది. గీతతో సమానంగా పెడితే ఎంత దూరం పోయినా కిందికి దిగదు, బండి కాస్త ఎగిరితే చాలు, నేరుగా కళ్లలోకే. ఎడమ చివర అంచు పైకి లేవడం మామూలే, దాన్ని చూసి కిందికి దించకండి. వెనక ముగ్గురు, డిక్కీ నిండా సామాను వేసుకుని వెళ్లేటప్పుడు ముక్కు పైకి లేస్తుంది కాబట్టి లెవెలర్‌ని రెండు మూడు మీదికి తిప్పండి.

ఇంటికొచ్చాక లైట్లు ఇరవై నిమిషాలు వెలగనిచ్చి, ఇంజన్ నడుస్తుండగా మొదట కొలిచినట్టే మళ్లీ కొలవండి. ఆ తర్వాత అంతా ఆఫ్ చేసి ఫ్యూజు హోల్డరు, రిలే సాకెట్లు, ఎర్త్ బోల్టు దగ్గర వైరుని పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. ఏ ఒక్క చోట చెయ్యి పెట్టలేకపోతే ఆ జాయింటు తప్పు, మర్నాడే తిరిగి తీసుకెళ్లండి. ఆ కిట్ ఫ్యూజులు రెండు, రిలే ఒకటి గ్లవ్ బాక్సులో పడేసి ఉంచండి.